నా ముఖం చేసిన ప్రచారం

నా ముఖం సర్కారుకు పనికొస్తుందని మొదట కనిపెట్టినవాడు మా బావ. మా అక్క భర్త. కోదాడలో ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి జనానికి మశూచి టీకాలు వేయించడం ఆయన ఉద్యోగం. జనం వేయించుకోకపోవడం, ఆయన ఇంటికొచ్చి అక్క మీద చిరచిరలాడటం రోజూ జరిగేదే. ఒకసారి సూర్యాపేటలో మా ఇంటికి వచ్చినప్పుడు, భోజనం ముగించి చేతులు తుడుచుకుంటూ నా వైపు అదో మాదిరిగా చూశాడు. పెళ్ళి సంబంధం ఏదైనా తెచ్చాడేమో అనుకున్నాను. ఆశకు సిగ్గుండదు కదా.

"మరదలా, నాలుగు రోజులు మా ఊరు రాకూడదూ? చిన్న పనుంది" అన్నాడు.

"నాతోని ఏం పని బావా?"

"ఏం లేదు. ఊరికే నిలబడాలి, అంతే."

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఊరికే నిలబడటానికి కోదాడ దాకా ఎందుకని అడగాల్సింది. అడగలేదు.

ముందు నా ముఖం సంగతి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ ఏడాది నాకు అమ్మవారు పోసింది. ఏడేళ్ళ పిల్లను. మశూచి అనే మాట దవాఖాన వాళ్ళది, మా ఇళ్ళలో ఎవరి నోటా వచ్చేది కాదు. తల్లి వచ్చింది అనేవాళ్ళు, తల్లి దయ చేసింది అనేవాళ్ళు. అంతకు కొన్ని నెలల ముందే టీకాల వాళ్ళు మా బజారంతా తిరిగారు. మా నాయినకు ధాన్యం దుకాణం ఉండేది. నాయనమ్మ నన్ను దుకాణం వెనక గోదాములోకి లాక్కుపోయి కంది బస్తాల సందున కూర్చోబెట్టింది. దూడకు పుండు లేపి, ఆ పుండులోంచి రసం తీసి మనుషులకు ఎక్కిస్తారని ఆమెకు ఎవరో చెప్పారు. చెప్పింది అబద్ధం కూడా కాదు. ఉల్లిగడ్డను గడప దాటనివ్వని మనిషి, దూడ పుండు రసాన్ని మనవరాలి ఒంట్లోకి పోనిస్తుందా? నాయిన టీకాల వాళ్ళకు చాయ్ తాగించి, పిల్ల అమ్మమ్మగారింటికి పోయిందని చెప్పాడు. వాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోయారు. ఎందుకు వద్దంటున్నారని వాళ్ళు అడగలేదు, ఎందుకు వేస్తున్నారని మావాళ్ళూ అడగలేదు. ఇరుపక్కలా మర్యాదకు ఏ లోటూ రాలేదు.

ఆ మర్యాద ఫలితం నా ముఖం మీద ఉంది. నుదురు నుంచి గడ్డం దాకా వేలు పెట్టే చోటు లేకుండా గుంటలు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో పోపు వేయలేదు, బట్టలు ఉతకలేదు, గుమ్మానికి వేపమండలు కట్టి బయటివాళ్ళను రానివ్వలేదు. నేను ఏడ్చినా, అన్నం గిన్నె విసిరికొట్టినా ఎవరూ కసురుకోలేదు. నాయనమ్మ చేతులు జోడించి, "ఏం గావాలె తల్లీ, సల్లబువ్వ తింటవా?" అని నన్ను బతిమాలేది. అంత గొప్పగా నన్ను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తల్లి దిగిపోయాక వేపాకు నీళ్ళతో తలకు పోశారు. గోడకున్న అద్దం తీసి నాకు అందనంత ఎత్తులో పెట్టారు.

ఆ తర్వాత నాకో హోదా వచ్చింది. ఒకసారి పోసిన మనిషికి మళ్ళీ పోయదు కాబట్టి, ఎవరింట్లో తల్లి వచ్చినా పక్కన కూర్చుని వేపమండతో విసరడానికి నన్ను పిలుచుకుపోయేవాళ్ళు. తల్లి ముద్దుపెట్టుకున్న పిల్ల అనేవాళ్ళు. ముసలివాళ్ళు కూడా నాకు దండం పెట్టేవాళ్ళు. నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది. ఎదిగేకొద్దీ తెలిసొచ్చింది. మంచంపట్టిన పిల్ల పక్కన నన్ను కూర్చోబెట్టినవాళ్ళు, పెళ్ళికూతురి పక్కన మాత్రం కూర్చోనివ్వరు. పద్దెనిమిదో ఏట మిర్యాలగూడ నుంచి ఒక సంబంధం వచ్చి పోయింది. అది ఎట్లా పోయిందో తర్వాత చెప్తాను, చెప్పక తప్పదు. అది పోయాక ఇంట్లో ఎవరూ నా కళ్ళలోకి చూడటం లేదు. అందుకే అమ్మ, "పోయిరా బిడ్డా, జర గాలి మారుతది" అనగానే కోదాడ బస్సెక్కాను.

అసలు పని ఏమిటో అక్కడికి పోయాక తెలిసింది. అక్క బావతో గొడవ పడుతుంటే వంటింట్లోకి వినబడింది.

"నా చెల్లెను సంతల బొమ్మ లెక్క నిలబెడ్తరా? మీకు జరంతన్న సిగ్గున్నదా?" అంది అక్క.

"నిలబెడితే ఏం పోయింది? పది మంది పిల్లలు బతుకుతారు. నేనేమన్నా సరదాకి అడుగుతున్నానా?" అన్నాడు బావ.

ఆయన బాధా అబద్ధం కాదు. పై ఆఫీసు నుంచి ఆయనకు రంగుల బొమ్మలు పంపేవాళ్ళు. ఒళ్ళంతా పొక్కులున్న పిల్లవాడి బొమ్మ, కింద పెద్ద పెద్ద అక్షరాలు. ఆ అక్షరాలు చదివేదెవరు? ఒక ఇంట్లో ఆ బొమ్మకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గూట్లో పెట్టి మొక్కుతున్నారు. తల్లి పటం అనుకున్నారు. దాంతో బావ బొమ్మలతో లాభం లేదనీ, నిజం మనిషి కావాలనీ తేల్చుకున్నాడు. మనిషి ఇంట్లోనే ఉంది, పైగా జీతం అడగదు.

నేను వద్దనొచ్చు. అక్క నా వైపే ఉంది. కానీ అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ కావాలని అడగలేదు. చావు దగ్గర పడ్డ ఇళ్ళకు తప్ప. బావ అడిగాడు. సరేనన్నాను.

నడిగూడెం దాటాక ఒక ఊరు. దాని పక్క పల్లెలో అప్పటికే తల్లి వచ్చింది, పిల్లలు పోయారు. ఈ ఊళ్ళో చిన్నపిల్లల్లో చాలామందికి టీకా లేదు. యాసంగి నాట్లు జోరుగా సాగుతున్నాయి. జనం పొలాలకు పోకముందే డప్పు కొట్టించి చావడి ముందుకు రప్పించారు. బావ నన్ను బల్ల మీదికి ఎక్కమన్నాడు. కొంగు నెత్తి మీదికి లాక్కుంటే తీసేయమన్నాడు. తల ఎత్తమన్నాడు.

"చూడండి. బాగా చూడండి. టీకా వేయించుకోకపోతే మీ పిల్లల ముఖాలు ఇట్లా అవుతాయి. ఈ అమ్మాయి నా సొంత మరదలు. నేనేం అబద్ధం చెప్పట్లేదు" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. చెవులు కాలిపోతున్నాయి. ఇంతమంది ఒక్కసారి నా ముఖాన్ని చూడటం, అదీ చూడమని చెప్పించుకుని చూడటం, నా జన్మలో లేదు. ఏ దిక్కు చూడాలో తెలియక చావడి పెంకుల మీద వాలిన కాకిని చూస్తూ నిలబడ్డాను. బల్ల కొంచెం ఊగుతోంది. విరిగి కింద పడితే బాగుండుననిపించింది.

తర్వాత ఒక ముసలామె జనంలోంచి తోసుకుని వచ్చి, నా కాళ్ళ మీద తల పెట్టింది. లేచి, వెనక్కి తిరిగి కేకేసింది.

"తల్లి సల్లంగ సూసిన మొకమే! దండం పెట్టుకోండ్రే!"

అంతే, ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ మూగారు. చంటిపిల్లల్ని పైకెత్తి, "జర నెత్తి మీద చెయ్యి పెట్టు బిడ్డా" అని బతిమాలారు. ఒకామె పరుగున పోయి కొబ్బరికాయ తెచ్చింది. ఇంకొకామె పక్కామెతో, "సూసినవా, తల్లి వోసినా సావలేదు. మొక్కుకుంటె ఏం గాదు. టీకా ఎందుకే?" అంది. బావ గొంతు చించుకుంటున్నాడు. టీకా వేసే మనిషి డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. ఆ దిక్కుకు ఒక్కరూ పోలేదు. భయపెట్టడానికి తెచ్చిన ముఖానికి హారతి ఒక్కటే తక్కువ.

బల్ల ఎక్కినందుకు ఇప్పుడు నాకు అంత సిగ్గు లేదు. సిగ్గంతా ఆ తర్వాతిదానికి. నాకది బాగుంది. ఒక్కో పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాను, తొందర లేకుండా పెట్టాను. మండుతున్న ముఖం చల్లబడింది. ఆ చేతి కింద ఉన్న పిల్లల్లో ఎవరికైనా రేపు తల్లి పోస్తే ఏమిటన్న ఆలోచన నాకు అప్పుడు రానే లేదు.

జనం పలచబడ్డాక అరుగు మీద కూర్చుంటే ఆడవాళ్ళు నాతో కష్టసుఖాలు మాట్లాడారు. బావతో చెప్పని మాటలు నాతో చెప్పారు.

"నాట్లయినంక రాండ్రి, ఏపిచ్చుకుంటం. ఇప్పుడు పిల్లకు జరమొస్తె నాటు ఇడిసి ఇంట్ల ఎవరు కూసుంటరు?" అంది ఒకామె.

"పిల్లల సంగతి సరే. మేం మొగోని ముందల జాకెట్టు చెయ్యి పైకి లేపాల్నా? ఒక ఆడామెను తోల్కరారాదు?" అంది ఇంకొకామె.

ఈ మాటలు బావకు చెప్పాను. "అవన్నీ వంకలు" అని కొట్టిపారేశాడు. పైగా నేను నవ్వుతూ నిలబడ్డానని, అందుకే పని చెడిందని నా మీదే విరుచుకుపడ్డాడు. నేను నవ్వానో లేదో నాకు గుర్తు లేదు. నవ్వే ఉంటాను.

మర్నాడు బావ నన్ను ఊళ్ళో పెద్ద సేద్యం ఉన్న ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇంటి పెద్దామెను ఊరంతా దొరసాని అనేది. ఆమె ఊ అంటే ఊరు ఊ అంటుంది. ఆ ఇంట్లో మూడేళ్ళ మనవరాలుంది, టీకా లేదు. పక్క పల్లెలో పిల్లను పోగొట్టుకున్న మనిషి ఆ ఇంట్లోనే జీతగాడు. రోజూ వచ్చి పశువుల పని చేసి పోతున్నాడు. ఆ పిల్లకు టీకా పడకపోతే ఏమవుతుందో దారి పొడుగునా బావ చెప్తూనే ఉన్నాడు. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

బావను, టీకా మనిషిని వసారాలో కూర్చోబెట్టి, నన్ను మాత్రం లోపలికి పిలిచారు. దొరసాని నాకు పీట వేసింది. పసుపు గిన్నె తెచ్చి నా కాళ్ళకు రాయబోయింది. తర్వాత మనవరాలిని తీసుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"నీ చెయ్యి ఒక్కసారి దీని మొకం మీద పెట్టు బిడ్డా. ఇగ తల్లి దీని జోలికి రాదు. టీకా లేదు గీకా లేదు" అంది.

తలుపు వెనక ఆ ఇంటి కోడలు నిలబడి ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఆమె నన్ను మొక్కడం లేదు. నా చెంపలను చూస్తోంది, తన బిడ్డ చెంపలను చూస్తోంది, మళ్ళీ నా చెంపలను చూస్తోంది. నేను చెయ్యి చాచాను. ఆ పిల్ల ముఖం వెన్నముద్దలా ఉంది. చెయ్యి దాని దాకా పోయి ఆగిపోయింది. ముందు రోజు పిల్లల నెత్తి మీద పెట్టిన చెయ్యే. నా మీద నాకే రోత పుట్టింది.

"పెద్దమ్మా, మీకొక సంగతి చెప్త" అన్నాను. "మొన్న మిర్యాలగూడ నుంచి నన్ను సూడనీకి వచ్చిన్రు. రైసు మిల్లోల్లు. మా నాయిన వాళ్ళను పొద్దుగూకినంక రమ్మన్నడు. వాళ్ళు గుమ్మం ఎక్కంగనే బల్బు వదులు చేసి, కరెంటు పోయిందన్నడు. కందిలి తీస్కపోయి నా ఎనక పెట్టిండు."

దొరసాని నవ్వబోయి ఆగింది.

"పిలగాని తల్లి సంచిలకెల్లి బ్యాటరీ లైటు తీసింది. గోదాముల బియ్యం సూసుకునే లైటు. నా గదుమ పట్టుకొని మొకం మీద ఏసింది. గిటు తిప్పి సూసింది, గటు తిప్పి సూసింది. లైటు బంద్ చేసి, 'అంతా నూకనే ఉన్నది' అన్నది. చాయ్ గూడ తాగకుంట లేసిపోయిన్రు."

ఈ మాట అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు, ఇంట్లోవాళ్ళంతా ఆ రోజు అక్కడే ఉన్నారు. ఆ తర్వాత నాయిన కుర్చీ ఎక్కి బల్బు బిగించాడు. దీపం వెలిగింది. ఆ వెలుతురులో అందరం ఒకరినొకరం చూసుకోకుండా కూర్చున్నాం. ఇప్పుడు పరాయి ఇంట్లో, వసారాలో మగవాళ్ళు వింటుండగా, అదంతా నా నోటితోనే చెప్పాను. బల్ల మీద నిలబడ్డప్పుడు ముఖం ఒక్కటే చూపించాను. ఇక్కడ దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"తల్లి నన్ను ముద్దు పెట్టుకున్నదంటున్నరు గద పెద్దమ్మా. మీ కొడుక్కు గిసొంటి మొకం ఉన్న పిల్లను తెస్తుంటిరా?"

దొరసాని పసుపు గిన్నె కింద పెట్టింది. ఏదన్నా అంటుందేమో, నా మనసు నొవ్వకుండా ఒక అబద్ధమైనా ఆడుతుందేమో అని చూశాను. తల తిప్పుకుంది.

కోడలు తలుపు వెనక నుంచి వచ్చి, అత్త ఒళ్ళోంచి పిల్లను ఎత్తుకుంది.

"నా బిడ్డ మొకం గిట్ల గావద్దు అత్తమ్మా. మీరేమన్న అనుకోండ్రి, నేనైతె ఏపిస్త" అంది.

గిట్ల అన్నప్పుడు నా వైపు చెయ్యి చూపించింది. అందులో ఆమె తప్పేమీ లేదు. నేను ఆమె నోట ఏం అనిపించాలనుకున్నానో అదే అంది. అయినా ఆ మాట సూటిగా వచ్చి తగిలింది.

దొరసాని మనవరాలికి టీకా పడిందని తెలిసి, ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. వసారా నుంచి వాకిలి దాకా వరస కట్టారు. పళ్ళ చక్రం లాంటి పరికరాన్ని చేతి మీద ఆనించి తిప్పుతుంటే పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు. తల్లులు నన్ను చూపించి ఊరుకోబెట్టేవాళ్ళు. "ఏడ్వకు, గా అక్క మొకం సూడు. టీకా వద్దంటె గట్లయితవ్." ముందు రోజు నాకు దండం పెట్టినవాళ్ళే. నేను టీకా మనిషి పక్కన పీట మీద కూర్చుని, ఒక్కో పిల్ల చెయ్యి కదలకుండా పట్టుకుంటున్నాను.

బావ సంబరం చెప్పతరం కాదు. "ఇదే చెప్పు ప్రతి ఊళ్ళో. ఆ బ్యాటరీ లైటు సంగతి మాత్రం మరిచిపోకు" అన్నాడు. ఆ యాసంగి అంతా చెప్పాను. చెప్పగా చెప్పగా నాకు కథ చెప్పడం వచ్చింది. ఏ మాట దగ్గర ఆగితే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారో తెలిసింది. ఆ తెలివికి కూడా నాకు సిగ్గే. కాకపోతే బావకు రెండు షరతులు పెట్టాను. నాట్లు ముగిశాకే ఊళ్ళోకి పోవాలి, ఆడవాళ్ళకు తెర కట్టి ఆడమనిషితోనే టీకా వేయించాలి. నేను కావాలి కాబట్టి ఒప్పుకున్నాడు. నా ముఖం కంటే ఆ రెండే ఎక్కువ పని చేశాయని నాకిప్పటికీ అనుమానం. బావ మాత్రం ఎవరితో చెప్పినా నా ముఖం గురించే చెప్పేవాడు. డెబ్బయిల్లో మశూచి పూర్తిగా పోయింది. ఇవన్నీ తర్వాతి సంగతులు. దొరసాని వసారాలో ఆ రోజు ఇంకొకటి జరిగింది.

కోడలు పిల్లను చంకనేసుకుని నా పక్కనే నిలబడి వరసను చూస్తోంది. పిల్ల ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది. నా వైపు చూసి వెక్కడం ఆపింది. ముందుకు వంగి, చెయ్యి చాచి, నా చెంప మీద ఒక గుంటలో వేలు పెట్టింది. తీసి ఇంకో గుంటలో పెట్టింది. ఆ పిల్లకు అదొక ఆట. నేను కదలకుండా కూర్చున్నాను. ఆ మిర్యాలగూడ ఆమె తర్వాత నా ముఖాన్ని ముట్టుకున్నది ఈ పిల్ల ఒక్కతే.

తల్లి చూసింది. పిల్ల చెయ్యి చటుక్కున వెనక్కి లాగింది.

"ముట్టకు బిడ్డా, అంటుకుంటది" అంది. కొంగు తీసి, ఆ వేళ్ళను ఒక్కొక్కటే తుడిచింది.

అంటుకోదు. నాకు ఏడేళ్ళప్పుడే తగ్గిపోయింది, ఇవి ఉత్త మచ్చలు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. వరసలో ఆడవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆమె అన్నది విని నలుగురైదుగురు పిల్లల్ని గట్టిగా హత్తుకుని, టీకా మనిషి దగ్గరికి తొందరగా జరిగారు. బావ నా వెనకే ఉన్నాడు. ఏమీ అనొద్దన్నట్టు నా భుజం మీద చిన్నగా తట్టాడు.

నోరు మూసుకున్నాను. పీట కొంచెం వెనక్కి జరుపుకున్నాను. వరసలో ఇంకా చాలామంది పిల్లలున్నారు.